తాత ఫుల్ చేతుల చొక్కా

మా తాత గురించి మేము ఇదివరకు రాసినదాంట్లో రెండు తప్పులున్నాయి.

ఒకటి చిన్నది. సిరుగుప్ప ఇంటి పడసాలలో ఉండే ఫోటోలో తాత తెల్ల ఫుల్ చేతుల చొక్కా వేసుకొని, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకొని కూర్చున్నాడు కదా, దాని గురించి "మే నెల ఎండలో కూడా చేతులు మడిచేవాడు కాదు, అంత శిస్తు" అని రాసినాం. తెలుగులో శిస్తు అంటే భూమికి కట్టే పన్ను అనీ, మేము అనుకున్న అర్థం కన్నడంలోదనీ అనంతపురం నుంచి ఒక పెద్దాయన చెప్పినాడు. పదో తరగతి దాకా కన్నడ మీడియం, తెలుగు అక్షరాలేమో అవ్వ దగ్గర, సినిమా పోస్టర్ల దగ్గర నేర్చుకున్నవి. అట్లాంటివి దొర్లుతుంటాయి, క్షమించండి.

రెండోది ఆ చొక్కా గురించే. తాత చేతులు మడవకపోవడానికి కారణం క్రమశిక్షణ కాదు.

మేమంటే ఆ తాత మనవళ్లం, మనవరాళ్లం, ఆరుగురం. టైపు చేసేది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునే ఒకరే అయినా, చదివి ఒప్పుకున్నాకే ఇక్కడ పెడతాం. ఈసారి అందరికన్నా ముందు చదివింది మా అక్క, చిన్నాయన కూతురు. ఆమె ఊరు, రాష్ట్రం, పనిచేసే ఆసుపత్రి రాయొద్దు, మిగతాదంతా రాయండి అనింది.

అక్క అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్. అక్కడ పొట్టిగా పీఏ అంటారు. బళ్లారిలో ఫార్మసీ చదివి, పెళ్లై పోయి, అక్కడ మళ్లీ చదివింది. ఆమె పీఏ అయిందని చెప్పినప్పుడు మా ఊర్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ ఎమ్మెల్యేకు?" అని. నర్సు కాదు, డాక్టరు కాదు, కానీ రోగిని చూస్తుంది, పరీక్షలు రాస్తుంది, మందులు రాస్తుంది, గాయాలకు కుట్లు వేస్తుంది, డాక్టరుతో కలిసి పనిచేస్తుంది అని ఎంత వివరించినా అవ్వకు ఒకే మాట తోచింది: "అంటే మీ తాత లెక్క కాంపౌండరు." అక్కకు అప్పట్లో అది కొంచెం నొచ్చింది. రెండేండ్లకు పైగా చదువు, జాతీయ పరీక్ష, రాష్ట్రం ఇచ్చే లైసెన్సు. తాతకు అవేవీ లేవు.

అయినా అవ్వ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆ వృత్తి 1965లో నార్త్ కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. యూజీన్ స్టెడ్ అనే డాక్టరు మొదలుపెట్టినాడు. డాక్టర్లు చాలడం లేదు. ఇంకోవైపు నౌకాదళంలో ఏండ్లకేండ్లు సైనికులకు కట్లు కట్టి, సూదులు వేసి, ప్రాణాలు కాపాడినవాళ్లు బయటికొస్తే వాళ్ల అనుభవానికి ఒక పేరు లేదు. అట్లాంటివాళ్లను నలుగురిని తీసుకొని మొదటి తరగతి పెట్టినాడు. చేతికి పని వచ్చినవాళ్లకు చదువూ హోదా ఇచ్చిన పద్ధతి అది. మా తాతకు చేతికి పని వచ్చు. హోదా మాత్రం ఊరు ఇచ్చిందే.

ఆ పని ఎట్లుండేదో అవ్వ చెప్తే వినాలి. సీసాలో ఎర్ర మిక్చరు పోసి, కాగితం పట్టీకి కత్తెరతో గాట్లు పెట్టి, గంజితో సీసాకు అంటించేవాడట. ఒక గాటు ఒక పూట. గాజు సిరంజీలు స్పిరిట్ స్టవ్ మీద ఉడికించడం, సూదులకు పదును పెట్టడం, రాత్రి రెండింటికి ఎవరో తలుపు కొడితే సైకిలేసుకొని పోవడం. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి, ఆదోని ఆంధ్రకు పోయినాక కూడా ఆదోని వైపు నుంచి బండ్లు కట్టుకొని తాత చేతి సూది కోసం వచ్చేవాళ్లట. మందుల బీరువా తాళం డాక్టరు దగ్గర ఒకటి, తాత దగ్గర ఒకటి.

ఈ తాళంచెవి సంగతి గుర్తుంచుకోండి.

పోయిన సంక్రాంతికి అక్క మూడు వారాలు ఊరికొచ్చింది. వచ్చిన మరుసటి రోజు అవ్వ గసగసాల పాయసం చేసింది. ఇక్కడి కన్నడ ఇండ్లలో గసగసె పాయస అంటారు. బియ్యం, గసగసాలు, కొబ్బరి నున్నగా రుబ్బి బెల్లంతో కాచేది. తాగితే నిద్ర ముంచుకొస్తుంది. అక్కకు చిన్నప్పటి నుంచి ప్రాణం. ఎనభై ఎనిమిదేండ్ల అవ్వ తన చేత్తో రుబ్బింది. అక్క గ్లాసు పట్టుకొని కాసేపు చూసి, కింద పెట్టేసింది.

"ఏం, అమెరికా పోయినాక గసగసాలు చేదైనాయా?" అనింది అవ్వ.

"తినకూడదు అవ్వా. రాసిచ్చినాను."

"ఎవరికి రాసిస్తివి?"

మాలో అప్పటికి సంగతి తెలిసినవాళ్లం ముగ్గురం. ముగ్గురం పైకప్పు వైపు చూసినాం. అక్క మాత్రం అవ్వ పక్కన కూర్చొని మొత్తం చెప్పింది.

2021లో అక్కకు నడుములో డిస్కు ఆపరేషన్ అయింది. ఎమర్జెన్సీలో రాత్రి డ్యూటీలు, పన్నెండు గంటలు నిలబడే పని. నొప్పికి ఇచ్చిన మాత్రలు నల్లమందు జాతివి. రాసిచ్చినన్ని రోజులు అయిపోయినాయి. నొప్పి తగ్గింది, మాత్ర మాత్రం కావాల్సొచ్చింది. బయటి మనిషైతే అక్కడ ఆగిపోయేవాళ్లేమో. అక్కకు ఎవరిని అడగాలో తెలుసు. పక్క గదిలో పనిచేసే డాక్టరును స్నేహంగా అడిగితే ఒకసారి రాసిచ్చినాడు. ఇంకోసారి రాసిచ్చినాడు. మూడోసారి రాయలేదు. ఒక చీటీ మీద ఫోన్ నంబరు రాసి, "రేపు పొద్దునకల్లా నువ్వు ఫోన్ చెయ్యి. లేకపోతే నేను చెయ్యాల్సి వస్తుంది" అన్నాడట.

ఆ నంబరు వాళ్ల రాష్ట్రంలో జబ్బుపడిన వైద్యుల కోసం నడిచే ఒక ప్రోగ్రాముది. అమెరికాలో ఇట్లాంటివి చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. 1973లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తమ పత్రికలో జబ్బుపడిన వైద్యుడి గురించి ఒక నివేదిక వేసింది. తాగుడు, మత్తుమందు, మనసు జబ్బు వైద్యులకూ వస్తాయి, అవి జబ్బులే, తోటివాళ్లు చూసీ చూడనట్లు ఉండొద్దు అని దాని సారం. ఆ తరువాత ఒక్కొక్క రాష్ట్రంలో ప్రోగ్రాములు పుట్టి, 1990లో వాటికి ఒక సమాఖ్య కూడా ఏర్పడింది. మొదట డాక్టర్లకే. తరువాత చాలాచోట్ల పీఏలనూ చేర్చుకున్నారు, అన్నిచోట్లా కాదు.

అక్క అదే రాత్రి మాకు ఫోన్ చేసింది. ఇక్కడ మేము చేసిన పని రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

ఫోన్ చెయ్యొద్దని చెప్పినాం. చిన్నాయన, చిన్నమ్మ, మేము, అందరం ఒకే మాట. ఒకసారి పేరు ఎక్కితే లైసెన్సు పోతుంది, పిల్లల గతేంకావాల, సెలవు పెట్టి ఇండియాకు రా, బెంగళూరులో ఎవరికీ తెలియకుండా చూపిద్దాం, బంధువులకు నడుంనొప్పి అని చెప్దాం. గంటసేపు నచ్చజెప్పినాం. అంత ప్రేమగా, అంత తప్పుగా మేము ఇంకెప్పుడూ మాట్లాడలేదు.

పొద్దున అక్క ఫోన్ చేసింది. మాకు కాదు, ఆ నంబరుకు.

అక్కడ జరిగేది ఇది. ప్రోగ్రామువాళ్లు తాము వైద్యం చెయ్యరు. ముందు పరీక్షించి జబ్బేమిటో తేల్చే చోటికి పంపిస్తారు, తరువాత చికిత్సకు. అక్క ఇల్లు విడిచి రెండు నెలలకు పైగా చికిత్స కేంద్రంలో ఉండింది. ఆపైన ఐదేండ్ల ఒప్పందం. మత్తు వ్యవహారాలకు ఐదేండ్లు మామూలే. రోజూ పొద్దున ఫోన్‌లో చెక్-ఇన్ చెయ్యాలి. ఈ రోజు నీ వంతు అని వస్తే ఆ రోజే ల్యాబుకు పోయి మూత్రం ఇవ్వాలి. వారం వారం తనలాంటి వైద్యుల గుంపులో కూర్చోవాలి. పనిచేసే చోట ఒకరు ఆమెను గమనించి రిపోర్టు రాస్తారు. ఇవన్నీ పాటిస్తున్నంత కాలం, రోగులకు ప్రమాదం లేనంత కాలం, తనంతట తాను వచ్చినదాని పేరు మెడికల్ బోర్డుకు పోదు. తప్పితే పోతుంది. రాష్ట్రం రాష్ట్రానికి నియమాలు వేరు, ఇది అక్క ఉండేచోటి సంగతి.

ఐదు నెలలకు ఆమె మళ్లీ పనిలో చేరింది. మొదట్లో మత్తు మందులు రాసే అధికారం లేకుండా. అంటే బీరువా తాళం ఇంకొకరి దగ్గర.

టెస్టింగ్ చేసేవాళ్లం కాబట్టి లెక్కలు అడగకుండా ఉండలేకపోయినాం. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 16 రాష్ట్రాల ప్రోగ్రాముల్లో చేరిన 904 మంది డాక్టర్లను ఐదేండ్లు గమనించినారు. చివరిదాకా లెక్క దొరికినవాళ్లలో దాదాపు 79 శాతం లైసెన్సుతో పనిలో ఉన్నారు. పరీక్షల్లో ఐదుగురిలో ఒకరు ఎప్పుడో ఒకసారి తప్పినారు. ఇది డాక్టర్ల లెక్క, పీఏలది విడిగా కాదు. ఉద్యోగం, పేరు, ఇల్లు అన్నీ పోగొట్టుకునే భయం ఉన్నవాళ్లు ఎట్లాగూ గట్టిగా పట్టుకుంటారు, మామూలు రోగితో పోల్చకూడదు అనే అభ్యంతరమూ ఉంది. న్యాయమైనదే.

అంతా బంగారమని చెప్పడం లేదు. చికిత్స ఖర్చు, ప్రతి పరీక్ష ఖర్చు చాలావరకు అక్కే పెట్టుకుంది. కారు అమ్మింది. ఈ ప్రోగ్రాముల చేతిలో మనిషి బతుకంతా ఉంటుంది, వాళ్లు తప్పు చేస్తే అడిగేదెవరు అనే ప్రశ్న అక్కడా గట్టిగానే లేచింది. 2014లో నార్త్ కరోలినా రాష్ట్ర ఆడిటర్ అక్కడి ప్రోగ్రామును తనిఖీ చేసి, డాక్టర్లు తమ మీద వచ్చిన నిర్ణయాన్ని సవాలు చేసుకునే నిష్పాక్షిక పద్ధతి సరిగా లేదని, పైవాళ్ల పర్యవేక్షణ చాలదని తేల్చినారు. ఇంకోపక్క కాలిఫోర్నియా మెడికల్ బోర్డు తాను నడిపే ప్రోగ్రామును 2008లో మూసేసింది, రోగులను సరిగా కాపాడడం లేదని. ఒకచోట మరీ గట్టిదని, ఒకచోట మరీ మెత్తదని. ఈ రెండిటి నడుమ అక్కలాంటివాళ్లు నడవాలి.

ఇంక గసగసాల సంగతి. నల్లమందు తీసే గసగసాల మొక్క గింజలే కదా అవి. తింటే మూత్రంలో మార్ఫిన్ కనపడొచ్చు. మత్తు తెలిసేంత ఉండదు, పరీక్షకు మాత్రం తెలుస్తుంది. ఈ గింజల గొడవతోనే అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పరీక్షల్లో 1998లో హద్దును 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచినారు. మా భాషలో చెప్తే, తప్పు లేనిచోట తప్పు చూపించే టెస్టును సరిచేసినారు. అక్క లాంటి ఒప్పందాల్లో ఆ వాదనకే తావు లేదు, అసలు తినొద్దంటారు. తిరిగిపోయిన రోజే పరీక్ష ఉంది, మూడు వారాల్లో ఒకనాటి పాయసం ఎప్పుడో పోయి ఉండేది, అయినా రాసిచ్చినాను కదా అనింది.

ఇంకొకటి మా పనికి దగ్గరిది కాబట్టి చెప్తాం. లైసెన్సు దరఖాస్తుల్లో ఒక ప్రశ్న ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో చాలాకాలం "మీరు ఎప్పుడైనా మానసిక జబ్బుకు చికిత్స తీసుకున్నారా?" అని అడిగేవాళ్లు. ఎప్పుడైనా. ఇరవై ఏండ్ల కింద కాన్పు తరువాత దిగులుతో నెలరోజులు మాత్ర వేసుకున్నా అవును అనే రాయాలి. ఒకసారి అవును అయితే చచ్చేదాకా అవునే. అట్లాంటి ఫీల్డు మా చేతికొస్తే డిజైన్ తప్పు అని వెనక్కి పంపేవాళ్లం. దాని ఫలితం ఏందంటే, అవును అని రాయాల్సి వస్తుందని వైద్యులు చికిత్సకే పోకపోవడం. 2018లో అక్కడి మెడికల్ బోర్డుల సమాఖ్య, అడగాల్సి వస్తే "పని చెయ్యడానికి అడ్డమొచ్చే జబ్బు ఇప్పుడు ఉందా" అని మాత్రమే అడగండి అని సలహా ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో న్యూయార్క్ ఎమర్జెన్సీ డాక్టరు లోర్నా బ్రీన్ ఆత్మహత్య చేసుకున్నాక, చికిత్స తీసుకుంటే లైసెన్సు పోతుందని ఆమె భయపడిందని ఇంటివాళ్లు బయటపెట్టినాక, ఈ మాట దేశమంతా వినబడింది. 2022 మార్చిలో ఆమె పేరుతో ఒక చట్టమే వచ్చింది, వైద్యసిబ్బంది మనోబలం కోసం నిధులిచ్చే చట్టం.

ఎప్పుడైనా, ఇప్పుడు. ఒక మాట తేడా. మన ఇండ్లలో సంబంధాలు చూసేటప్పుడు అడిగేది కూడా ఆ మొదటి మాటే కదా. "మీ ఇంట్లో ఎవరికైనా, ఎప్పుడైనా..." మేమూ అడిగినాం, మమ్మల్నీ అడిగినారు. అందరం లేదనే చెప్పినాం.

అక్క చెప్పిందంతా విని అవ్వ ఏమీ మాట్లాడలేదు. గ్లాసు తీసుకొని వంటింట్లోకి పోయింది. చిన్నమ్మ ఏడుపు మొదలుపెట్టింది. మేము అవ్వకు ఈ వయసులో ఇదంతా ఎందుకు చెప్పినావని అక్క మీద గుసగుసగా కోప్పడినాం.

మధ్యాహ్నం దాటినాక అవ్వ పడసాలలోకి వచ్చి, ఫోటో కింద కూర్చొని, అక్కను చెయ్యి చాపమనింది. చొక్కా చెయ్యి పైకి తోసి మోచేతి మడత దగ్గర బొటనవేలితో తడిమింది. "నీకు సూది గాట్లు లేవు" అనింది. "లేవవ్వా, నావి మాత్రలు." "మీ తాతకు ఉండె. రెండు చేతులకూ."

తాతకు మూత్రపిండంలో రాళ్లు. నొప్పికి డాక్టరే పెథిడిన్ వేయించినాడు, రెండు మూడుసార్లు. తరువాత తాత తానే వేసుకున్నాడు. బీరువా తాళం ఆయన దగ్గరే ఉండె. ఎన్నేండ్లు అంటే అవ్వ వేళ్లు లెక్కపెట్టి, పెద్దనాయన పెండ్లికి ముందు నుంచి అనింది. అంటే ఎనిమిది తొమ్మిదేండ్లు. గాట్లు కనపడకుండా ఫుల్ చేతుల చొక్కా. ఉతికేది అవ్వే, చేతుల మీద చిన్న చిన్న నెత్తురు చుక్కలు నిమ్మకాయతో రుద్ది పోగొట్టేది.

"డాక్టరుకు తెలిసింది. తెలిసినాక ఒకనాడు తాళం అడిగి తీసుకున్నాడు. రేపటి నుంచి రావొద్దు అన్నాడు. తిట్టలేదు, మంచిమనిషి. ఎందుకు వేసుకుంటున్నావు అని ఒక మాట అడగనూ లేదు. ఊర్లో అందరికీ రిటైరైనాడని చెప్పినాం. మీ తాత గూడా అదే చెప్పుకున్నాడు." ఆ తరువాత నాలుగేండ్లు బతికినాడు. బయటికి పోలేదు. 1987లో పోయినాడు, యాభై ఆరేండ్లకు. గుండె అని అందరం అనుకున్నాం. గుండె కూడా కావొచ్చు, తెలియదు అనింది అవ్వ.

"డాక్టరుగారి దగ్గర ముప్పై ఏండ్లు పనిచేసి గౌరవంగా విరమించుకున్నాడు" అని మేము రాసినాం. దాన్ని కొట్టేస్తున్నాం. ముప్పై ఏండ్లు పనిచేసినాడు, అది నిజం. ఆదోని నుంచి బండ్లు వచ్చేవి, అదీ నిజం. ఆయనకు జబ్బు ఉండె. ఇల్లంతటికీ తెలుసు, అందరం కలిసి దాచినాం. ఆ దాచడం ఎట్లాగో మాకు బాగా అబ్బింది కాబట్టే అక్క ఫోన్ చేసిన రాత్రి అంత గడగడా సలహా చెప్పగలిగినాం.

పెద్దనాయన ఇది రాయొద్దన్నాడు. మాలో ఒకరికి రాయచూరు నుంచి సంబంధం మాటల్లో ఉంది, వాళ్లు ఇవన్నీ చదువుతారని మాకు తెలుసు. ఆరుగురం ఓటు వేసుకున్నాం, నాలుగు రెండు. సంబంధం ఉన్నవాడు రాయమన్నవాళ్లలోనే ఉన్నాడు. అక్కకు ఓటు ఇయ్యలేదు, ఆమె ఒప్పుకోకపోతే అసలు మొదలే లేదు కాబట్టి. ఆ రెండో ఓటు వేసినవాళ్ల మాట కూడా ఇక్కడ ఉండాలని అడిగినారు: పోయిన మనిషి వచ్చి జవాబు చెప్పుకోలేడు కదా అని. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఆసుపత్రుల్లో, మందుల షాపుల్లో, ల్యాబుల్లో పనిచేసే పిల్లలు మన ఇండ్లలో చాలామంది ఉన్నారు. బెంగళూరు, చెన్నై ఆసుపత్రుల్లో ఇప్పుడు ఫిజీషియన్ అసిస్టెంట్లూ ఉన్నారు, 2021 చట్టంలో వాళ్ల వృత్తికి పేరు కూడా చేరింది. అక్క చేరినట్లాంటి ప్రోగ్రాము మన దగ్గర మాకు కనపడలేదు. టెలీ మానస్ ఉంది, 14416, డబ్బు లేదు, తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు. అమెరికాలో ఉన్నవాళ్లకు 988. అక్కకు ఆ డాక్టరు చీటీ మీద రాసిచ్చినట్లు మేము ఇక్కడ రాస్తున్నాం, అంతే.

అక్క ఉన్న మూడు వారాలూ చెక్-ఇన్ మానలేదు. అక్కడి పొద్దున మనకు సాయంత్రం టీ వేళ. ఆమె ఫోన్ తీస్తే అవ్వ "ఏమంటాడు?" అని అడిగేది. "ఈ రోజు లేదు అవ్వా" అంటే సరే అని తలకాయ ఊపేది. పోయే ముందు రోజు అవ్వ మళ్లీ పాయసం కాచింది. శ్యావిగెది. అక్క ముందు పెట్టి, "దీంట్లో ఏమీ లేదు, శ్యావిగె, బెల్లం, పాలు, ఏలక్కి. కావాలంటే రాసిస్తాను" అనింది.

అక్క రెండు గ్లాసులు తాగింది.